గ్లాసు అడుగున పావలా

వీరాస్వామి చేతులు మోచేతుల దాకా ఫ్రీజరులో ఉన్నాయి. లోపలి గోడలకి పేరుకున్న మంచుని చెక్క అట్లకాడతో గీకుతున్నాడు. ఇనుప చువ్వతో పొడిస్తే పని తొందరగా తెములుతుంది గానీ, ఎక్కడో ఒకచోట రేకు చిల్లుపడి గ్యాసు పోతుంది. పదేళ్ళ పాత ఫ్రీజరది. దాన్ని ముసలి ఎద్దుని చూసుకున్నట్టు చూసుకుంటూ వచ్చాడు.

అది 2002 జూలై. రామచంద్రపురం బస్టాండు వెనక, అద్దె మేడలో ఒక ట్రస్టు వారి ఫైలేరియా సర్వే యూనిట్టు. బోదకాలంటే ఏమిటో ఆ చుట్టుపక్కల ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. ఏ వీధి అరుగు మీద చూసినా ఒక వాచిన కాలు కనిపిస్తుంది. ఆ యూనిట్టు మొత్తానికి మిగిలిన ఆస్తి ఈ ఫ్రీజరు, అందులో నాలుగు వందల పన్నెండు చిన్న ప్లాస్టిక్ ట్యూబులు. ఆరేళ్ళ క్రితం ద్రాక్షారామం అవతల గట్టుపాలెంలో ఇంటింటికీ తిరిగి వీరాస్వామి తన చేత్తో తీసిన రక్తం, అందులోంచి వేరుచేసిన ప్లాస్మా. రక్తాన్ని సీసాలో పోసి గిర్రున తిప్పితే ఎర్రదనమంతా అడుక్కి దిగి, పైన తేలే పల్చటి పచ్చ నీరది.

ఆ పచ్చ నీటిని పరీక్షించే కిట్టు ఆరేళ్ళకి ఇప్పుడొచ్చింది. రేపు మొదటి ప్లేటు వేయాలి. అందుకే ఈ మంచు గీకుడు.

మూడు వరసల పెట్టెలు పైకి తీసి ఐసు డబ్బాలో సర్దాక, అడుగున మూలనున్న స్టీలు గ్లాసు తగిలింది. ఆ గ్లాసు వీరాస్వామి సొంత తెలివి. అందులో సగానికి నీళ్ళు పోసి గడ్డకట్టిస్తాడు. ఆ గడ్డ మీద ఒక పావలా బిళ్ళ పెడతాడు. ఫ్రీజరు సవ్యంగా ఉన్నన్నాళ్ళూ బిళ్ళ పైనే ఉంటుంది. ఎప్పుడైనా లోపలంతా కరిగితే బిళ్ళ మునుగుతుంది. తర్వాత మళ్ళీ గడ్డకట్టినా అది అడుగునే ఉండిపోతుంది. డయలు మీది ముల్లు ఈ క్షణం సంగతి చెబుతుంది గానీ, నువ్వు లేనప్పుడు ఏం జరిగిందో చెప్పదు. పావలా చెబుతుంది.

గ్లాసు పైకి తీసి, బొటనవేలితో మంచు తుడిచాడు. బిళ్ళ కనపడలేదు.

పెట్టెలు తీసేటప్పుడు జారిపడిందేమోనని ఫ్రీజరు అడుగంతా తడిమాడు. పెట్టెల కింద చూశాడు. గోనెపట్టా దులిపాడు. ఎక్కడా లేదు. గ్లాసు పట్టుకెళ్ళి కుళాయి కింద వంచి, బయటివైపు నీళ్ళు వదిలాడు. కాసేపటికి ఐసు గడ్డ వదులై అరచేతిలోకి జారింది. తిరగేశాడు.

పావలా అడుగున ఉంది. మంచులో ఇరుక్కుని, అద్దం వెనక వస్తువులా స్పష్టంగా.

వీరాస్వామి అరచెయ్యి చల్లదనానికి తిమ్మిరెక్కుతున్నా గడ్డని వదల్లేదు.

*

అతను చదువుకుని ఈ పనిలోకి రాలేదు. పదో తరగతి తప్పి, రాజమండ్రిలో ఒక ఆస్పత్రి ల్యాబులో సీసాలు కడగడానికి చేరాడు. సీసా సరిగా కడిగితేనే పరీక్ష సరిగా వస్తుందని అక్కడే తెలిసింది. రెండేళ్ళు సీసాలు కడిగాక, ఒకరోజు టెక్నీషియను రాకపోతే చుక్కలు కొలిచే పిపెట్టు చేతికిచ్చారు. పిపెట్టు పట్టినవాడు మళ్ళీ దించలేదు. అతను పొడిచిన సూది నెప్పి తెలిసేది కాదని పేరొచ్చింది. ఊళ్ళల్లో పిల్లలు మాత్రం "రక్తం వీరాస్వామొచ్చాడ్రోయ్, చేతులు దాచుకోండ్రోయ్" అని గడ్డివాముల వెనక్కి పరిగెత్తేవారు.

1996 ఫిబ్రవరిలో గట్టుపాలెం వెళ్ళినప్పుడు యూనిట్టు పెద్ద డాక్టర్ జగన్నాథరావుగారు. అంతకు ముందు ఫైలేరియా పురుగు కనపడాలంటే అర్ధరాత్రి వెళ్ళి నిద్రలేపి రక్తం తీయాల్సొచ్చేది. ఆ పురుగు పగలు రక్తంలో తేలదు. కొత్త పరీక్షకి ఆ గొడవ లేదు. పగటి రక్తమే చాలు. దాన్ని గడ్డకట్టించి దాచి, ఒకేసారి వేసుకోవచ్చు.

"ఎన్నాళ్ళు దాచొచ్చండి?" అని అడిగాడు వీరాస్వామి.

"ఫ్రీజరులో ఉన్నంతకాలం రక్తానికి వయసు రాదోయ్. ఊరంతా పూర్తి కానీ, ప్లేట్లన్నీ ఒకేసారి నింపుదాం" అన్నారు జగన్నాథరావుగారు.

ఆ మాట వీరాస్వామికి నచ్చింది. ఊళ్ళో అందరికీ అదే చెప్పాడు. ఒక్కొక్కరికీ నెంబరు వేసిన చీటీ ఇచ్చి, "రిజల్టుకి ఇది దాచుకోవాలి" అన్నాడు. ఊరైతే పూర్తయింది గానీ కిట్టుకి డబ్బు రాలేదు. మరుసటేడు జగన్నాథరావుగారు రిటైరై విశాఖపట్నం వెళ్ళిపోయారు. యూనిట్టులో ఒక్కొక్కరే మానేశారు. ఫ్రీజరూ, దానికి వీరాస్వామీ మిగిలారు.

అంతకు ముందే, రక్తం తీసిన ఏడాది నవంబరులో తుఫాను కొట్టినప్పుడు తొమ్మిది రోజులు కరెంటు లేదు. స్తంభాలు కాలవల్లో పడున్నాయి. ఉత్త ఐసు పెడితే చల్లగా ఉంటుందే గానీ గడ్డ నిలవదు. ఐసులో కల్లుప్పు కలిపితే చలి దిగుతుందని ఐస్‌ఫ్రూటు బండివాడి దగ్గర ఎప్పుడో చూశాడు. రాజమండ్రి నుంచి లారీల మీద ఐసు దిమ్మలు తెప్పించి, సమ్మెటతో చితక్కొట్టి, ఉప్పు కలిపి, పెట్టెల చుట్టూ కూరి, పైన ఊక బస్తాలు కప్పాడు. రోజుకి రెండుసార్లు నీళ్ళు తోడాడు. ఉప్పుకి చేతివేళ్ళు పుండ్లు పడ్డాయి. పదో రోజున కరెంటొచ్చింది. గ్లాసులో పావలా పైనే ఉంది. ఆ రోజు మేడ మెట్ల మీద కూర్చుని ఒక్కడే నవ్వుకున్నాడు.

అలాంటి ఫ్రీజరులో ఇప్పుడు పావలా అడుగుకి ఎలా పోయిందో తెలియాలి. కిందికి దిగి వాచ్‌మన్ అప్పారావుని పిలిచాడు.

"అప్పారావూ, ఫ్రీజరు ఎప్పుడాగింది?"

"ఆగలేదండి బాబూ. ఆడుతూనే ఉందిగా."

వీరాస్వామి ఐసు గడ్డ చూపించాడు. అప్పారావుకి పావలా సంగతి తెలియదు. కానీ వీరాస్వామి ముఖం చూసి తెలుసుకున్నాడు. తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు.

"మే నెలలోనండి. మీరు అమ్మగారి ఆపరేషనుకని రాజమండ్రి ఎళ్ళారు సూడండి, అప్పుడు. పిట్టలు కూడా రాలిపోయిన ఎండలండి అయ్యి. మీరెళ్ళిన మర్నాడు కాల్తున్న వాసనొచ్చింది. స్టెబిలైజరు మాడిపోయింది. ఎలట్రీషన్ని పిలుద్దామంటే ఆడు పెళ్ళికెళ్ళి నాలుగో రోజుకి గానీ రాలేదండి."

"ఐసు తెచ్చి లోపల వేయాలని తోచలేదా?"

"తోచింది బాబూ. ఆయ్, ఎందుకు తోచదు? రెండు దిమ్మలు తెచ్చాను కూడా. తాళమేసి ఉంది కదండీ. తాళంచెవి మీ మొలతాట్లో ఉంది."

వీరాస్వామి చెయ్యి దానంతటదే నడుముకి వెళ్ళింది.

నిజమే, ఆ తాళం వేసింది తనే. పాత గుమాస్తా ఒకాయన కొబ్బరి బొండాలు చల్లబడతాయని ప్లాస్మా పెట్టెల మీద పడేసేవాడు. మాటిమాటికీ మూత తీస్తే చలి పోతుంది, ట్యూబులు చెమరుస్తాయి. చెప్పి చూశాడు, తిట్టి చూశాడు, చివరికి గొళ్ళెం పెట్టించి తాళం వేశాడు. తను కూడా అవసరం లేకుండా మూత తెరవకూడదని నియమం పెట్టుకున్నాడు. ఊరినుంచి వచ్చాక బయట ముల్లు చూశాడు. సరిగ్గానే ఉంది. మూత తెరవలేదు.

"మూత మీద తడి గోనెలు కప్పి, ఆ రెండు దిమ్మలూ పైనే పెట్టానండి. మీరొచ్చేటప్పటికి మళ్ళీ గడ్డకట్టేసింది. పోన్లే, ఏమీ కాలేదు కదా, ఆపరేషను హడావిడిలో ఉన్న మనిషికి ఎందుకు చెప్పడమని ఊరుకున్నాను. ఐసు కరిగితే నీరు, నీరు గడ్డకడితే ఐసు. అందులో పాడయ్యేదేముందండి?"

అప్పారావు అబద్ధం చెప్పలేదు, అజాగ్రత్తగానూ లేడు. అతన్ని తిట్టడానికి కారణమే లేదు.

*

కిట్టు రాకపోయుంటే ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. కిట్టొస్తోందని గట్టుపాలెంలో మాట పాకింది. కిందటి గురువారమే వెంకటదుర్గ వచ్చింది.

మెట్లెక్కి వచ్చేటప్పుడు ముందు ఒక కాలు, తర్వాత దాని పక్కన రెండోది పెట్టుకుంటూ వచ్చింది. ఎడమకాలు మోకాలి కిందనుంచి మడమ దాకా ఒకటే మందం. ఇరవయ్యేళ్ళుంటాయి. కొంగు ముడి విప్పి చీటీ తీసింది. దేవుడి పటం వెనక దాచారేమో, పసుపూ కుంకం అంటుకుని ఉన్నాయి. 217. కింద వీరాస్వామి చేతిరాత.

"గుర్తున్నానాండి? పాపాయి కూతుర్ని. సూది చూసి మీ చెయ్యి కొరికాను."

వీరాస్వామికి గుర్తొచ్చింది. పధ్నాలుగేళ్ళ పిల్ల, రెండు జడలు. కొరికిన చోట పళ్ళ గుర్తులు పడితే ఊరంతా నవ్వారు.

"ఎప్పుడొచ్చిందమ్మా ఇది?"

"మూడేళ్ళయిందండి. ముందు గజ్జల్లో బిళ్ళకట్టి జ్వరమొచ్చేది. తర్వాత వాపు కాల్లోకి దిగిపోయింది." కాలు గురించి అంతకంటే చెప్పడానికి ఆమెకి ఆసక్తి లేదు. "నేను కాలు చూపించుకోడానికి రాలేదండి. అమ్మ గురించి వచ్చాను."

ఆమె చెప్పింది ఇది. రక్తం తీసిన మరుసటేడు ఊరూరా ఫైలేరియా మాత్రలు పంచారు. పాపాయి వాటిని కూతురిచేత మింగించలేదు. ఎదురింటి కుర్రాడు మింగి వాంతులు చేసుకోవడం చూసి, దుర్గకిచ్చిన మాత్రల్ని పాపాయే కాలవలో పారేసింది. ఊళ్ళోవాళ్ళు అడిగితే, "పురుగుంటే తనే వచ్చి చెప్తానన్నారు వీరాస్వామిగారు. రాలేదంటే మా పిల్లలో లేనట్టే" అంది.

"మీరలా అన్నారాండి?"

"అన్నానమ్మా."

"ఇప్పుడు అమ్మ సరిగా అన్నం తినట్లేదండి. నా కాలుకి నూనె రాస్తూ రాస్తూ, నేనే చేజేతులా పారేశానే అని తల బాదుకుంటుంది. ఆ రోజున నాలో పురుగు లేదని తెలిస్తే చాలు. లేనప్పుడు మాత్ర పారేస్తే తప్పేముంది? ఆ తర్వాతెప్పుడో ఏ దోమో కుట్టి వచ్చిందనుకుంటుంది. ఆ రక్తం మీ దగ్గర అలాగే ఉందంట కదా. చూసి చెప్పండి."

"ఉంటే?" అన్నాడు వీరాస్వామి.

దుర్గ చీటీని మళ్ళీ మడతపెట్టింది. "ఉంటే ఉందని చెప్పండి. నేను దాచుకుంటాను. అమ్మకేం చెప్పాలో నేను చూసుకుంటాను. ఇలా తెలియకుండా ఉంటే ఇద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోలేకపోతున్నాం."

రెండు వారాల్లో, సోమవారం రమ్మన్నాడు. అప్పుడింకా పావలా సంగతి తెలియదు. ఆమె మెట్లు దిగుతుంటే పైనుంచి చూశాడు. ఫ్రీజరులో ఉన్న రక్తానికి వయసు రాలేదు. పిల్లకి వచ్చింది.

*

కిట్టు తెచ్చింది డాక్టర్ హెలెన్‌గారు. యూనిట్టుకి కొత్త ఆఫీసరు. విశాఖపట్నం నుంచి కిట్టుతోపాటు ఇంకొకటి కూడా తెచ్చారు. ఆరేళ్ళ క్రితం, పురుగు ఉన్నట్టు ఖాయంగా తెలిసిన ఐదుగురి ప్లాస్మా ఒకచోట కలిపి, వీరాస్వామి దాన్ని ఇరవై ట్యూబుల్లో సర్దాడు. పది ఇక్కడ పెట్టెకొకటి చొప్పున ఉంచాడు. పది జగన్నాథరావుగారు తీసుకెళ్ళి అక్కడి పెద్ద ఫ్రీజరులో పెట్టారు. ఒకే కుండలోది రెండు ఊళ్ళలో దాచినట్టు.

పావలాని ఆవిడ అరచేతిలో పెట్టుకుని తిరగేసి చూశారు.

"వీరాస్వామి గారూ, ఇది పావలా. ఇదొక పరికరం కాదు కదా."

"కాదండి. అందుకే పరికరంతోనే చూద్దామండి. అక్కడివీ ఇక్కడివీ పక్కపక్కన వేస్తాను."

మర్నాడు పొద్దున్నే వేశాడు. ట్యూబుల్ని గోరువెచ్చటి నీళ్ళలో కాకుండా ఫ్రిజ్జు కింది అరలో పెట్టి నెమ్మదిగా కరిగించాడు. కరిగాక మెల్లగా తిరగేసి కలిపాడు. గడ్డకట్టినప్పుడు చిక్కనిదంతా అడుక్కి దిగుతుంది, కలపకుండా పైదే తీస్తే నీళ్ళు పరీక్షించినట్టే. విశాఖపట్నం ట్యూబు గోధుమ గడ్డి రంగులో తేటగా ఉంది. ఇక్కడివి మసగ్గా ఉన్నాయి. వెలుతురుకి ఎత్తి చూస్తే లోపల సాలీడు దారాల్లాంటివి తేలుతున్నాయి. మూత తీస్తే రెండిట్లో మాగిన వాసన.

ప్లేటులో తొంభయ్యారు చిన్న గుంటలు. గుంట అడుగున పురుగు నుంచి తీసిన పదార్థం పూత పూసి ఉంటుంది. పురుగు సోకిన మనిషి ప్లాస్మాలో దాన్ని గుర్తుపట్టే పదార్థం ఉంటుంది. అది వచ్చి పూతకి అతుక్కుంటుంది. కడిగినా పోదు. పైన మందు వేస్తే అది అతుక్కున్న చోట పసుపు రంగు తేలుతుంది. ఎంత పసుపో మిషను చదివి అంకె ఇస్తుంది. అంతే. కానీ ఆ అంతేలో ఒక్కో చుక్కా ఒకే కొలత పడాలి. కడిగిన నీరు గుంటలో మిగలకూడదు, గుంట ఎండిపోనూ కూడదు. వీరాస్వామి నాలుగు గంటలు నిలబడి వేశాడు. ప్రతి శాంపిలూ రెండేసి గుంటల్లో.

మిషను కాగితం కక్కింది. విశాఖపట్నం ట్యూబులు: ఒకటి పాయింటు అరవై రెండు, ఒకటీ అరవై, ఒకటీ అరవై ఐదు. రామచంద్రపురానివి: సున్నా ముప్ఫై ఎనిమిది, సున్నా తొంభై ఒకటి, సున్నా ఇరవై ఏడు, ఒకటీ పది.

"తగ్గింది. కానీ పూర్తిగా పోలేదు కదా" అన్నారు హెలెన్‌గారు. "తగ్గినంతా లెక్కేసి దిద్దుకోలేమా?"

"అన్నీ ఒకే తీరుగా తగ్గుంటే దిద్దుకుందుమండి. ఇవన్నీ ఒకే కుండలోవి. ఒకటి ఒకలా, ఇంకోటి ఇంకోలా చచ్చాయి. ఏ ట్యూబు ఎంత చచ్చిందో మనకేం తెలుస్తుంది?"

"పోనీ, పసుపు వచ్చినంతవరకూ ఉందని రాద్దాం. రానివాటి సంగతి వదిలేద్దాం."

వీరాస్వామి ప్లేటు కింది వరస చూపించాడు. పురుగు లేదని తెలిసిన మనుషులవి, ఇదే ఫ్రీజరులోవి. ఎనిమిదింట్లో మూడు పసుపెక్కాయి. "ఆ దారాలండి. గుంటకి పట్టుకుని కడిగినా వదల్లేదు. వాటికి రంగంటుకుంది. ఉందన్నదీ నమ్మలేం, లేదన్నదీ నమ్మలేం."

ఆవిడ కుర్చీలో వెనక్కి వాలారు. మెడలోని సన్నటి శిలువని వేళ్ళతో తిప్పుతున్నారు. "ఈ నెలాఖరుకి నాలుగు వందల రిజల్టులు పంపకపోతే యూనిట్టు మూసేస్తామన్నారు. మీకు తెలుసా?"

"తెలుసండి."

"మీరు ఈ పావలా సంగతి చెప్పకపోయుంటే, ఈ విశాఖపట్నం ట్యూబులు పక్కన వేయకపోయుంటే, నాకేమీ తెలిసేది కాదు. ప్లేట్లు నింపేవాళ్ళం. పంపేసేవాళ్ళం."

"ఆయ్. తెలిసేది కాదండి."

"మరెందుకు చెప్పారు?" కోపంగా అడగలేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగారు.

"ఆ గ్లాసు పెట్టిందే అందుక్కదండీ" అన్నాడు వీరాస్వామి.

*

217వ ట్యూబు పక్కన పెట్టుకున్నాడు. వేయడం దండగని తెలుసు. అయినా తెల్లారి లేచేసరికి ఆ ఆలోచనే. మేలో పైవరసకి వేడి ఎక్కువ తగిలుంటుంది, అడుగు వరసకి తక్కువ. 217 అడుగు వరసలోది. అప్పారావు తడి గోనెలు కప్పాడు కదా. ఒకవేళ ఇదొక్కటీ...

గురువారం దాన్ని కరిగించాడు. అందులో పిసరంత తీసి, రెండు గుంటల్లో వేశాడు. మిగతా గుంటల్లో అన్నీ ఫలితం ముందే తెలిసినవే.

మందు వేశాక రంగు తేలడానికి పావుగంట పడుతుంది. ప్లేటు ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ముందు ఆ తెలిసినవి రంగు తిరిగాయి. 217 మొదటి గుంట నీళ్ళలాగే ఉంది. అతనికి తెలియకుండానే పెదాలు కదిలాయి, "లేదు, లేదు" అని. పక్క గుంట వైపు చూశాడు. చామంతి పువ్వులా పచ్చగా తిరిగింది.

ఒకే ట్యూబు, ఒకే చెయ్యి, ఒకే కొలత. ఒకటి లేదంటోంది, ఒకటి ఉందంటోంది.

మిగిలినదాన్ని మిషనులో గట్టిగా తిప్పి, దారాలు అడుక్కి దిగాక నడిమి తేట మాత్రం తీసి మళ్ళీ వేశాడు. ఈసారి రెండు గుంటలూ అటూ ఇటూ కాని లేత పసుపు తిరిగాయి. ఉందనడానికి గీత ఎక్కడ గీయాలో, సరిగ్గా ఆ గీత మీద నిలబడ్డాయి. ట్యూబు ఖాళీ అయిపోయింది. ఇంక గట్టుపాలెం పధ్నాలుగేళ్ళ పిల్లని అడగడానికి చుక్క లేదు.

ఆ సాయంత్రం ఇంట్లో భార్య రామలక్ష్మి అన్నం వడ్డిస్తూ అంది. ఆపరేషను కుట్లు ఇంకా పూర్తిగా మానలేదు, వంగడానికి చెయ్యి నడుముకి ఆనించుకుంటోంది.

"లేదని రాసిచ్చెయ్యకూడదా? ఆ తల్లి నాలుగు మెతుకులు తింటుంది. నీదేం పోయింది?"

"నాకు తెలియదే."

"తెలియదు కాబట్టే కదా అంటున్నాను. ఉందని తెలిసి లేదంటే అబద్ధం. తెలియనప్పుడు ఏదైతేనేం?"

ఆవిడ మాట తప్పని వీరాస్వామికి అనిపించలేదు. అందుకే అంత బరువుగా ఉంది. "మరి తక్కిన నాలుగు వందల పదకొండు మందికీ ఏం రాయను? వాళ్ళకీ తల్లులున్నారు" అన్నాడు.

"నేనా రోజు ఆపరేషనుకి వెళ్ళకపోయుంటే..."

"ఆపు. నువ్వొకదానివి తయారవకు తల బాదుకోడానికి."

*

శుక్ర, శని వారాలు రిజిస్టరు రాశాడు. ఒకే ముద్ర చేయించి కొట్టేయొచ్చు. కానీ ముద్ర కొట్టలేదు. ఒకటి నుంచి నాలుగు వందల పన్నెండు దాకా, ప్రతి నెంబరుకి ఎదురుగా విడివిడిగా రాశాడు: "మే 2002లో కరిగి తిరిగి గడ్డకట్టినది. పరీక్షకు పనికిరాదు." కింద పొట్టి సంతకం. ఆదివారం ట్యూబులన్నీ క్రిములు చావడానికి ల్యాబు కుక్కర్లో ఉడికించి, సంచుల్లో మూటలు కట్టాడు. ఖాళీ అయిన ఫ్రీజరు ప్లగ్గు తన చేత్తోనే పీకాడు. పదేళ్ళుగా గదిలో ఉన్న గుర్రుమనే చప్పుడు ఆగింది. అప్పారావు కిందనుంచి పరిగెత్తుకొచ్చాడు.

"మళ్ళీ పోయిందాండి?"

"పోలేదు. నేనే తీశాను."

సోమవారం పొద్దున్న రిజిస్టరూ, మిషను కాగితాలూ, పావలా హెలెన్‌గారి బల్ల మీద పెట్టాడు. ఆవిడ చివరి పేజీ దాకా తిప్పి, మొదటి పేజీలో సంతకం పెట్టారు. "మళ్ళీ కొత్తగా రక్తం తీద్దామని రాస్తాను. ఒప్పుకోరు. అయినా రాస్తాను" అన్నారు. వీరాస్వామి తాళంచెవి కూడా మొలతాడు నుంచి విప్పి ఇచ్చేశాడు.

పదకొండు గంటల బస్సుకి దుర్గ వచ్చింది. మెట్లెక్కే చప్పుడుకే తెలిసింది. ఒకటి, ఆగి, ఒకటి.

నిలబెట్టి చెప్పకూడదని కుర్చీ వేశాడు. దాచకుండా అంతా చెప్పాడు. స్టెబిలైజరు, తాళం, పావలా, రెండు గుంటలు.

"అంటే ఉందా, లేదాండి?"

"తెలీదమ్మా. ఇంకెప్పటికీ తెలీదు."

"ఇప్పుడు తీస్తే?"

"ఇప్పటిది తెలుస్తుంది."

"ఇప్పటిది నాకు తెలుసుగా" అంది దుర్గ, కాలివైపు చూడకుండానే. తర్వాత చిన్నగా నవ్వింది. ఆ నవ్వు చూడ్డం కంటే ఆమె మళ్ళీ చెయ్యి కొరికినా బావుండుననిపించింది వీరాస్వామికి. "ఆరేళ్ళు దేవుడి వెనకాల పెట్టి దణ్ణం పెట్టిందండి మా అమ్మ, మీ చీటీకి."

"ఇలా ఇయ్యి."

చీటీ తీసుకుని వెనక్కి తిప్పాడు. ముందే ఆలోచించిపెట్టుకున్నదే, అయినా కలం కదలడానికి సమయం పట్టింది. తనకి ఖాయంగా తెలిసినది మాత్రమే రాశాడు. "217. ఫ్రీజరు చెడి ప్లాస్మా పాడైంది. రిజల్టు చెప్పలేము. ఉంటే నేనే వచ్చి చెబుతానని 1996లో పాపాయి గారికి మాట ఇచ్చాను. పరీక్ష చేయలేదు, వచ్చి చెప్పలేదు. ఆ మాట నమ్మి ఆమె మాత్రలు పారేశారు. తప్పు నాది." పూర్తి పేరు రాసి, తేదీ వేసి, సిరా ఆరేదాకా ఊదాడు.

దుర్గ ఒక్కొక్క మాటే చదువుకుంది.

"అమ్మకి చదువు రాదండి. చదివి వినిపిస్తే, లేదని రాశారా, ఉందని రాశారా అని అడుగుతుంది."

"అడుగుతుందమ్మా."

"నేనూ వచ్చి చెప్పనా?" అని వీరాస్వామే మళ్ళీ అడిగాడు.

"వద్దండి. మిమ్మల్ని చూస్తే రిజల్టొచ్చిందనుకుంటుంది."

చీటీ తీసుకుని నాలుగు మడతలు పెట్టి, కొంగున ముడేసుకుంది.